మంచం దిగే విద్య

వెన్నుకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని లేపి కూర్చోబెట్టమంటే మనవాళ్లు మొట్టమొదట చేసే పని, ప్రేమకొద్దీ చంకల కింద చేతులు పెట్టి పైకి లాగడం. లాగేవాడు బలమైనవాడైతే పని ఇంకా చెడుతుంది. భుజాలు లేస్తాయి, తొడలు పరుపు మీదే ఉండిపోతాయి, మధ్యలో నడుము వంగీ, మెలి తిరిగీ, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న చోటే బరువంతా పడుతుంది. రోగి కెవ్వుమంటాడు. లాగినవాడు హడలిపోయి సగంలో వదిలేస్తాడు. లాగడం కంటే అది పెద్ద ప్రమాదం.

హయత్‌నగర్‌లో మా వెనక వీధిలో ఉండే ఆర్టీసీ డ్రైవరుకు నడుములో డిస్కు ఆపరేషన్ అయింది. ఆయన్ని ఇంటికొచ్చి నడిపించిన ఫిజియోథెరపిస్టు గురించి ఈ వ్యాసం. పగలు ఎల్బీనగర్ వైపు ఒక హాస్పిటల్లో ఉద్యోగం, సాయంత్రం స్కూటీ మీద హయత్‌నగర్, వనస్థలిపురం, పెద్ద అంబర్‌పేట ఇళ్లకు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల డిగ్రీ చదివిన పిల్ల. ఇంట్లోవాళ్లు అభ్యంతరం లేదంటే, గది మూల కుర్చీ వేసుకుని ఆమె పని చూశాను. చూసినకొద్దీ చూడాలనిపించింది. ఆ చేతులు చేసే పని చాలా తక్కువ. ఎక్కడ పట్టుకోకూడదో, ఎప్పుడు వదిలేయాలో తెలిసిన చేతులవి.

మొదటి రోజు ఆమె ఆయన్ని లేపలేదు. "అంకుల్, మీరు లేవొద్దు. ముందుగాల ఒక పక్కకు దొర్లుదాం" అంది. వెల్లకిలా పడుకున్న మనిషి మోకాళ్లు ఒక్కొక్కటిగా మడిచి పాదాలు పరుపుకు ఆనించింది. చేతులు రెండూ ఛాతీ మీద పెట్టించింది. తన ఒక అరచేయి ఆయన భుజం వెనక, ఇంకొకటి తుంటి ఎముక మీద. "పొట్ట కొంచెం బిగబట్టండి, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు." మూడు అంకెలు లెక్కపెట్టాక భుజం, మోకాళ్లు ఒకే క్షణంలో పక్కకు తిరిగాయి. దుంగను దొర్లించినట్టు మెడ నుంచి తుంటి దాకా ఒక్కటే ముక్కగా కదలాలి. భుజం ముందు వెళ్లి తుంటి వెనకబడితే ఆ మెలిక పడేది సరిగ్గా నడుము దగ్గరే.

పక్కకు తిరిగిన తర్వాతి ఘట్టం ఇంకా బాగుంటుంది. పాదాలను మంచం అంచు దాటించి కిందికి జారనిచ్చింది. కాళ్ల బరువు కిందికి దిగుతుంటే, ఆ బరువే నడుం పైభాగాన్ని లేపడానికి సాయపడుతుంది. కింద ఉన్న మోచేత్తో, పైనున్న అరచేత్తో పరుపును నొక్కుతూ ఆయనంతట ఆయనే లేచి కూర్చున్నాడు. ఆ సమయంలో ఆమె చేయి ఎక్కడుందని చూశాను. రెండు వేళ్లు ఆయన రెక్క ఎముక మీద ఆనీ ఆనకుండా ఉన్నాయి. లేపడానికి కాదు, పడబోతే తెలియడానికి. కూర్చున్నాక వెంటనే నిలబెట్టలేదు. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగి, కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఏం కనిపిస్తోందో చెప్పమంది. ఆయన ఆరేసిన బట్టల గురించి చెబుతున్నంతసేపూ ఆమె చూసింది ఆయన పెదవుల రంగు, నుదుటి చెమట.

ఆ తర్వాత వచ్చినప్పుడు నోరు మెదపకుండా నిలబడి, ఆయన ఎలా లేస్తాడో చూసింది. దొర్లడం బాగానే ఉంది. కూర్చోగానే మాత్రం వెనక్కి మెలి తిరిగి గూట్లోంచి ఫోను తీసుకున్నాడు. "తిరగొద్దని చెప్పిన కదా" అనడం తేలిక. ఆమె ఫోను, చార్జరు, మంచినీళ్ల సీసా, మందుల డబ్బా అన్నీ తీసుకొచ్చి మంచానికి ముందువైపు, నడుం ఎత్తులో ఉన్న స్టూలు మీద పెట్టింది. మెలి తిరగడం ఆగిపోయింది. పది జాగ్రత్తలు చెబితే రెండు గుర్తుంటాయి, సామాను జరిపితే గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. పనితనం ఇలాంటి చోట తెలుస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే లోపల ఏం చేశారో కొంచెం తెలియాలి. రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు చుట్టూ గట్టి పీచు వలయం, లోపల మెత్తటి గుజ్జు. వలయం చిట్లి గుజ్జు బయటికొచ్చి నరం మొదలును నొక్కితే నడుము కంటే కాలు ఎక్కువ గుంజుతుంది. తుంటి నుంచి పిక్క, మడమ దాకా నిప్పు పాకినట్టుందని రోగులు చెప్పేది దీని గురించే. నడుములో ఇలా జారే డిస్కుల్లో పదింట తొమ్మిది కిందనున్న రెండే చోట్ల జారతాయి. సయాటికా అనే ఈ కాలినొప్పి ఎప్పటినుంచో తెలిసినా, దానికి కారణం ఈ గుజ్జేనని వైద్యలోకం ఒప్పుకున్నది 1934లో, అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు తమ కేసులను అచ్చువేశాక. అప్పట్లో కోత పెద్దది, ఎముక తొలగించేదీ ఎక్కువ, ఆ తర్వాత మంచం మీద పడుకోబెట్టేదీ వారాల తరబడి. 1977లో యాషార్గిల్, కాస్పర్ ఎవరికి వారు మైక్రోస్కోపు కింద ఈ ఆపరేషన్ చేసే పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు కోత అంగుళం, అంగుళంన్నర. నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేసి, మిగతా డిస్కును అలాగే వదిలేస్తారు. వలయంలో గుజ్జు బయటికొచ్చిన కంత మాత్రం ఉంటుంది. దానంతటది మచ్చకట్టి మూసుకోవాలి. మూసుకునేలోపు ముందుకు వంగి, పక్కకు తిరిగి, బరువెత్తడం, ఈ మూడూ ఒకేసారి చేస్తే మిగిలిన గుజ్జుకు మళ్లీ దారి దొరకొచ్చు. నూటికి అయిదు నుంచి పదిమందికి అదే చోట మళ్లీ జారుతుంది.

అందుకే ఆమె ఇంట్లో అడుగుపెట్టగానే రోగిని కాదు, డిశ్చార్జి కాగితాన్ని అడిగింది. ఏ మట్టం, ఏ వైపు, ముక్క తీశారా లేక రాడ్లు, స్క్రూలు వేసి రెండు పూసలను కలిపేశారా? ఇవి వేర్వేరు ప్రయాణాలు. కలిపేసిన వాళ్లకు ఎముక అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. అన్నాళ్లూ వంగడం మీద ఆంక్షలు గట్టిగా ఉంటాయి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఎముక అతుక్కోవడమే కష్టం. మా డ్రైవరుది ముక్క తీసిన కేసు కాబట్టి గడువులు చిన్నవి.

హయత్‌నగర్ మీదుగా పోయే విజయవాడ హైవేకు నడుం నొప్పి మనుషుల కొదవ లేదు. హయత్‌నగర్‌లో ఆర్టీసీ డిపోలే రెండున్నాయి. గంటల తరబడి కూర్చోవడం, దానికి తోడు ఒళ్లంతా అదిరే బండి, రెండూ నడుముకు పడవు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలివచ్చాక మామిడికాయల సీజన్లో బాక్సులు మోసే హమాలీలు ఇటే తిరుగుతారు. ఈ హైవే మీద ఇంకా ముందుకెళ్తే నల్గొండ జిల్లా. అక్కడి వెన్నుల కథ వేరు. ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ వెన్నెముక చుట్టూ ఉండే బంధనాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకైపోతుంది. 1955లోనే నల్గొండ ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ తర్వాత హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ జబ్బులో నరాలు ఎలా దెబ్బతింటాయో ఏళ్ల తరబడి పరిశీలించారు. అలాంటి వెన్నుకు ఆపరేషన్ చేస్తే నడక తిరిగి రావడానికి పట్టే కాలాన్ని డిస్కు ఆపరేషన్‌తో పోల్చకూడదు.

మా హయత్‌నగర్ గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. ఆమె పేరున్న పదిహేడో శతాబ్దపు మసీదు చుట్టూ బాటసారులు బస చేయడానికి కట్టించిన సరాయి గదులు, పక్కన ఏనుగుల బావి ఇప్పటికీ ఉన్నాయి. డ్రైవరు నడక మొదలుపెట్టాక కొన్నాళ్లకు ఆ మసీదు దాకా వెళ్లొచ్చేవాడు. అంతదూరం రావడానికి ముందు దాటాల్సినవి చాలా ఉన్నాయి.

కట్టు కట్టినచోట నొప్పి ఉంటుందని అందరికీ తెలుసు. తెలియనిది, కాలు సంగతి. మత్తు దిగగానే కాలు గుంజడం పోయిందని చాలామంది సంతోషపడతారు. నిజంగానే చాలామందికి వెంటనే తగ్గుతుంది. కానీ పాదం మీది తిమ్మిరి మిగిలిపోతుంది, బొటనవేలు మొద్దుబారినట్టే ఉంటుంది. ఆపరేషన్ ఫెయిలయిందని ఇంటిల్లిపాదీ దిగులుపడేది ఇక్కడే. నెలల తరబడి నలిగిన నరం అది. నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది, స్పర్శ అన్నిటికంటే ఆలస్యం. దెబ్బతిన్న నరం పోగు తిరిగి పెరగాల్సి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. నెలకు అంగుళం అనుకోండి. నడుం నుంచి బొటనవేలి దాకా దూరం ఎంతో టేపు పట్టి కొలిస్తే ఓపిక ఎంత కావాలో అర్థమవుతుంది. కొందరికి కొంత తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోతుంది కూడా. ఈ మాట ఆమె మొదటి వారంలోనే చెప్పేసింది. తీపి మాటలు చెప్పి తర్వాత తప్పించుకునే రకం కాదు.

వచ్చిన ప్రతిసారీ ఆమె చేసే పరీక్ష నిమిషం పట్టదు. ఆయన కాలి బొటనవేలి గోరు మీద తన చూపుడువేలు పెట్టి, "పైకి లేపండి, నేను కిందికి నొక్కుతా, ఓడిపోవద్దు" అంటుంది. రెండు కాళ్లకూ. ఆయనకు ఆపరేషన్ చేసిన నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు నొక్కే నరం ఈ బొటనవేలిని ఎత్తేదే. అంతకంటే కింది డిస్కు అయితే మునివేళ్ల మీద నిలబడటం చేతకాదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ లేపించి చూస్తుంది. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకంలో లేనిది, ఆమె నొక్కే తీరు. ఒక్కసారిగా నొక్కదు, నెమ్మదిగా బలం పెంచుతూ పోయి, వేలు లొంగే క్షణం దగ్గర ఆపుతుంది. ఆయనకు ఓడిపోయిన భావన కలగదు, ఆమెకు కావాల్సిన కొలత దొరుకుతుంది. కుడి వేలు నిన్నటి కంటే ఒక్క పిసరు గట్టిగా ఉందని ఆ వేలి కొనకే తెలుస్తుంది. ఏ యంత్రమూ వాడగా చూడలేదు.

ఇక మలబద్ధకం. దీని గురించి హాస్పిటల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. నొప్పి మాత్రల్లో కొన్ని పేగులను మందగింపజేస్తాయి, పడుకుని ఉండటం దానికి తోడు. ముక్కితే నడుం మీద ఒత్తిడి. అందుకే నీళ్లు, పీచున్న కూరలు, అవసరమైతే డాక్టరు రాసిన మందు. మనిళ్లలో దీనికి అడ్డం వచ్చేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద అంటూ చుట్టాలు ఒక్కొక్కటే తీయించేస్తారు. చివరికి చారన్నం, రొట్టె మిగులుతాయి. గాయం మానడానికి కావాల్సిందే ఆ పప్పు, ఆ గుడ్డు. డ్రైవరు భార్య ఈ విషయంలో వెనక్కి తగ్గలేదు. ఫిజియో వాదించలేదు. "ఆంటీ, చీము పట్టేది గాయం తడిస్తే, మురికి చేతులు తగిలితే. పప్పుకు ఆపరేషన్ ఎక్కడ జరిగిందో ఎట్ల తెలుస్తది?" అంది. ఆవిడ నవ్వి మర్నాడు పప్పు వండింది.

నేను ఎక్కువగా మెచ్చుకున్నది వ్యాయామాలను కాదు, ఆమె ఇల్లు చూసిన తీరును. రెండో రోజు పావుగంట పాటు ఆ మూడు గదుల్లో తిరిగింది. స్నానాల గదిలో బకెట్ నేల మీద ఉంది. చెంబు ముంచాలంటే వంగాలి. బకెట్‌ను ప్లాస్టిక్ స్టూలెక్కించింది, కూర్చుని పోసుకోవడానికి ఇంకో కుర్చీ పెట్టించింది, తడి నేల మీద రబ్బరు మ్యాట్ వేయించింది. దొడ్డి కింద కూర్చునేది. దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపులో దొరుకుతుందని చెప్పింది. వాకిట్లో చెప్పులు వేసుకోవడానికి వంగకుండా, పట్టీ లేనివి, వెనక జారనివి. నల్లా నీళ్లు వచ్చిన రోజు బిందెలు పట్టేదెవరని అడిగింది. ఆయనే. ఆ పని కాలేజీకెళ్లే కొడుకు చేతిలో పెట్టింది. గ్యాస్ సిలిండరు జరపడం కూడా. పాత నులక మంచం చూసి నవ్వి, "ఇది ఎండలో పెట్టుకోండి, దీంట్ల పండుకోవద్దు" అంది. మధ్యలో కుంగిన మంచంలోంచి దొర్లి లేవడం ఎవరి తరమూ కాదు. చివరికి హాల్లో సోఫా. అందరూ కూర్చోమనేది అందులోనే. తుంటి మోకాళ్ల కంటే కిందికి కూరుకుపోయే ఆ సోఫాను వదిలి, డైనింగ్ కుర్చీని టీవీ ఎదురుగా పెట్టించింది.

కూర్చోవడం గురించి ఆమె పట్టుదలకు పాత పరిశోధన ఒకటుంది. 1960ల్లో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్‌సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్ మనుషుల నడుం డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడితే నూరు అనుకుంటే, వెల్లకిలా పడుకుంటే పాతిక. కూర్చుంటే నూట నలభై. కూర్చుని ముందుకు వంగితే నూట ఎనభై అయిదు. తర్వాత 1999లో జర్మనీలో మళ్లీ కొలిచినప్పుడు కూర్చోవడానికీ నిలబడటానికీ అంత తేడా కనిపించలేదు. ముందుకు వంగితే ఒత్తిడి పెరగడం మాత్రం రెండు చోట్లా ఒకటే. అందుకే మొదటి వారాల్లో ఒక్క బిగిన ఇరవై నిమిషాలు, అరగంటకు మించి కూర్చోవద్దంటారు. మనకు కింద కూర్చుని అన్నం తినడం, పూజలో, పెళ్లి పంక్తిలో బాసింపట్టు వేయడం అలవాటు. బాసింపట్టు వేస్తే నడుము వెనక్కి గుండ్రంగా వంగిపోతుంది. కింద కూర్చోవడం పూర్తిగా మానేయాలని ఆమె అనలేదు. మూడో నెలలో చూద్దామంది.

రెండో వారం దాటాక ఒక గండం వస్తుంది. దీన్ని ముందే చెప్పి ఉంచేవాళ్లు తక్కువ. కుట్లు తీస్తారు, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య. మనిషికి ధైర్యం వస్తుంది. ఒక రోజు ఎక్కువ నడుస్తాడు, ఆటోలో కూర్చుని హైవే మీద గతుకుల్లో ఎక్కడికో వెళ్లొస్తాడు. ఆ రాత్రి పోయిందనుకున్న కాలినొప్పి మళ్లీ తలెత్తుతుంది. ఆపరేషన్ చేసినచోట నరం చుట్టూ ఉండే వాపు వల్ల ఇలా రావడం మామూలే, కొన్నాళ్లలో తగ్గుతుంది. కానీ ఆ రాత్రి ఎవరికీ అలా అనిపించదు. డ్రైవరు ఇంటి నుంచి ఆమెకు ఫోన్ వెళ్లింది. మర్నాడు వచ్చి, నొప్పి ఎంత అని అడగలేదు. "ఏడదాకా దిగింది? వేలుతోని చూపించండి" అంది. ఆయన తుంటి నుంచి గీత గీసుకుంటూ పిక్క దగ్గర ఆపాడు. ఆమె ఆయన్ని నిలబెట్టి, రెండు అరచేతులు నడుం వెనక ఆనించుకుని వెనక్కి కొద్దిగా వాలమంది. కొన్నిసార్లు అలా చేశాక మళ్లీ అడిగింది. గీత మోకాలి పైన ఆగింది. నడుంలో మాత్రం నొప్పి కొంచెం పెరిగింది. ఆయన కంగారుపడ్డాడు, ఆమె మొహం వికసించింది.

ఆ సంతోషం వెనక న్యూజిలాండ్ కథ ఉంది. 1956లో వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలినొప్పితో ఒకాయన వచ్చాడు. గదిలో బల్ల మీద పడుకోమన్నారు. అంతకుముందు రోగి కోసం బల్ల తలవైపు ఎత్తి ఉంచారు, ఎవరూ దించలేదు. ఆయన బోర్లా, నడుము బాగా వెనక్కి వంగేలా పడుకున్నాడు. మెకెంజీ వచ్చి చూసి భయపడ్డాడు. ఆయన మాత్రం వారాలుగా ఇంత హాయిగా లేనన్నాడు, కాలినొప్పి పోయింది. నొప్పి కాలి చివర నుంచి నడుం వైపు వెనక్కి రావడం మంచి లక్షణమని మెకెంజీ తర్వాత జీవితమంతా చెప్పాడు. నొప్పి ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది చూడటం ఇక్కడి నుంచి వచ్చింది. మా డ్రైవరు ఈ భూగోళాన్ని త్వరగా నేర్చుకున్నాడు. ఎవరు పలకరించినా "మోకాలు కాడికొచ్చింది, రేపు తొడలకు పోతది" అని చెప్పేవాడు. కాలిబాధను రూట్ మ్యాపులా చెప్పడం డ్రైవరుకే చెల్లింది.

నడక మోతాదు ఆమె నిమిషాల్లో రాయలేదు. కరెంటు స్తంభాల్లో రాసింది. మొదట ఇంటి నుంచి రెండో స్తంభం, అక్కడి నుంచి వెనక్కి, రోజుకు నాలుగైదు సార్లు. పెంచాలా వద్దా అనేది నడిచేటప్పటి నొప్పిని బట్టి కాదు, మర్నాటి పొద్దుటిని బట్టి. పొద్దున లేచేసరికి నిన్నటిలాగే ఉంటే ఒక స్తంభం పెంచు, బాగా బిగుసుకుపోతే ఒకటి తగ్గించు, అంతే. కాలు బాగుందని ఉత్సాహంగా రెండు పెంచితే ఒప్పుకునేది కాదు. నడుం బెల్టు విషయంలోనూ ఇదే పొదుపు. దాన్ని రోజంతా కట్టుకుని తిరిగితే ధైర్యంగానే ఉంటుంది. కానీ నడుం కండరాలు పని మానేస్తాయి. ప్రయాణంలో తప్ప తీసేయమని ఒక్కో పూట తగ్గించుకుంటూ వచ్చింది. ఆయన బెల్టు వదలడానికి భయపడితే, తీసి పక్కన కుర్చీ మీద కనపడేలా పెట్టుకోనిచ్చింది.

ఇన్ని ఆంక్షలు అవసరమేనా అని ఆమెనే అడిగాను. నిజాయితీగా చెప్పింది. ఎన్ని వారాలు వంగకూడదన్నది చాలావరకు సర్జన్ల అలవాటు. 1996లోనే అమెరికాలో కారగీ అనే సర్జన్ డిస్కు ఆపరేషన్ తర్వాత ఆంక్షలేమీ పెట్టకుండా రోగులను తొందరగా పనిలోకి పంపితే పెద్దగా నష్టం కనిపించలేదు. 2017లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో రెండు వారాల ఆంక్షను ఆరు వారాల ఆంక్షతో పోల్చితే డిస్కు మళ్లీ జారడంలో తేడా తేలలేదు. అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ సమీక్ష, నాలుగు నుంచి ఆరు వారాలప్పుడు వ్యాయామం మొదలుపెడితే ఏమీ చేయనివాళ్ల కంటే నొప్పి తగ్గుతుందని, దానివల్ల మళ్లీ ఆపరేషన్లు పెరగడం లేదని చెప్పింది, సాక్ష్యం అంత గట్టిది కాకపోయినా. "మరి ఎందుకింత కట్టడి?" అన్నాను. "ఆఫీసుల కూసునే వాళ్లయితే మూడు వారాలకే పంపిస్తా. అంకుల్ బస్సు నడపాలె. ఆయన తొందరపడే మనిషి" అంది. పుస్తకంలో రోగి, ఎదురుగా ఉన్న మనిషి ఒకటి కాదన్న లెక్క అది. నాకు నచ్చిన జవాబు.

ఆరో వారం వచ్చాక ఆమె అసలు పాఠం మొదలుపెట్టింది. వంటింట్లోంచి బూజుకర్ర తెప్పించి, కుంచె తీయించి, ఆయన వీపుకు నిలువుగా ఆనించింది. మూడు చోట్ల తగలాలి. తల వెనక, రెక్కల మధ్య, వెన్ను కొస ఎముక దగ్గర. నడుం దగ్గర మాత్రం కర్రకూ ఒంటికీ మధ్య అరచేయి దూరేంత సందు. ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులు వెనక్కి నెడుతూ ముందుకు వంగమంది. మొదటిసారి వంగగానే వెన్ను కొస దగ్గర కర్ర ఎగిరి దూరమైంది, అంటే నడుం గుండ్రమైంది. "కర్ర పోయింది" అంది. మళ్లీ. ఈసారి తల ముందుకు వాలి పైన తగలడం మానేసింది. "మళ్ల పోయింది." ఆమె ఆయన నడుమును ముట్టుకోలేదు. తప్పు ఎక్కడో కర్రే చెబుతోంది. చాలాసార్లు చేశాక కర్ర మూడు చోట్లా అంటుకుని ఉండగానే ఆయన మోకాళ్ల దాకా వంగాడు. కదిలింది తుంటి కీళ్లు, నడుం కాదు. తొడల వెనక కండరం లాగుతోందన్నాడు. లాగాల్సింది అదే. తర్వాత కర్ర తీసేసి, ఖాళీ మామిడికాయల బాక్సు ఎత్తించింది. ఆ తర్వాత అందులో రెండు కిలోల బియ్యం సంచి. బరువు పెంచడం మీద ఆమెకు ఎంత పొదుపో, వంగే తీరు మీద అంత పట్టు.

పొట్ట లోపలి కండరాలను బిగించే వ్యాయామాలు, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాపే వ్యాయామం, ఇవన్నీ ఉన్నాయి. ఎక్కడైనా బొమ్మలతో సహా దొరుకుతాయి. బొమ్మలో కనపడనిది, ఆ కాలు చాపినప్పుడు నడుం మీద పెట్టిన నీళ్ల గ్లాసు కదలకూడదని ఆమె పెట్టిన షరతు. స్టీలు గ్లాసు, సగం నీళ్లు. మనవడు పక్కనే కూర్చుని తాత ఎప్పుడు ఒలకబోస్తాడా అని చూసేవాడు.

బస్సు సంగతి కూడా ఆమె వదల్లేదు. సీటు వెనక్కి మరీ వాలకుండా, క్లచ్ పూర్తిగా తొక్కినా తుంటి జారకుండా ముందుకు జరుపుకోమంది. క్యాబిన్ నుంచి దూకకుండా, మెట్టుకు ఎదురు తిరిగి ఒక్కో కాలూ దించమంది. ట్రిప్పు ట్రిప్పుకీ మధ్య దిగి వెనక్కి పదిసార్లు వాలమంది. డ్యూటీకి ఎప్పుడు వెళ్లాలన్నది సర్జన్ సంతకం మీద ఆధారపడింది. అందులో ఆమె వేలు పెట్టలేదు.

ఆమె మొదటి రోజే చేసిన ఒక పని చివర్న చెబుతున్నాను. ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసింది, భార్య చదవగలిగేలా. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, లేక తొడల మధ్య మల మూత్రాల చోట స్పర్శ పోయినా. పాదం పైకి లేవకుండా ఈడుస్తున్నా. జ్వరం వచ్చి కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, కుట్లలోంచి నీళ్లలాంటిది కారుతూ కూర్చుంటే విపరీతంగా తల నొప్పి వచ్చినా. పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా. కింద తన నంబరు రాస్తుందేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. సర్జన్ నంబరు, అంబులెన్స్ 108 రాసింది.

"వీటిల ఏదొచ్చినా నాకు ఫోన్ చేసి టైం ఖరాబ్ చేయొద్దు ఆంటీ. అర్ధరాత్రి అయినా సరే, సీదా హాస్పిటల్‌కు పోవాలె" అంది.